సమ్మె కాలంలో ఒకరోజు డ్యూటీ

సకల జనుల సమ్మె నడిచిన ఆ వానాకాలంలో అధికారులు దొరికినంత సులువుగా నాకు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. మామూలు రోజుల్లో ఒక తహసీల్దారును కలవాలంటే బంట్రోతును మంచి చేసుకోవాలి, సారు మీటింగు నుంచి వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడాలి, తీరా వచ్చాక ఆయన భోజనం అయ్యేదాకా ఓపిక పట్టాలి. ఇప్పుడు అందరూ ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఒకే షామియానా కింద, జంపఖానాల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. టెంటులో కూడా హోదా ప్రకారమే కూర్చునేవారు. ముందు తహసీల్దారు, ఆయన వెనక డిప్యూటీ, ఆయన వెనక గుమాస్తాలు. పలకరిస్తే నవ్వేవారు, చాయ్ తెప్పించేవారు. సంతకం ఒక్కటే పెట్టేవారు కాదు.

నాకు కావలసింది ఆ సంతకమే. బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలకు సాయం చేసే ఒక సంస్థలో నేను ప్రభుత్వ సమన్వయకర్తను. పేరు ఘనంగా ఉంటుంది కానీ, పని ఆఫీసుల చుట్టూ తిరగడమే. మందులిచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, బియ్యం పంచేవాళ్ళు వేరే ఉన్నారు. సర్కారును అడిగి తేవలసింది ఏదైనా ఉంటే అది నా వంతు. దవాఖానలో చేర్చుకోమని ఒకరిని, నీళ్ళ ట్యాంకరు పంపమని ఇంకొకరిని, పోలీసులు గుడిసెల మీదికి రాకుండా చూడమని మరొకరిని అడుగుతూ ఉండాలి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆ సామెత మీదే నా బతుకు. నిన్న 'కాదు పొమ్మన్న' అధికారి దగ్గరికి ఈరోజు మళ్ళీ వెళ్ళి, మన మధ్య ఏమీ జరగనట్టు నమస్కారం పెట్టగలను. దాన్ని నేను విద్య అనుకుంటాను. మా ఆయన మొండితనం అంటాడు.

మా ఆయన మహేందర్ సరూర్‌నగర్ వైపు ఒక సర్కారు హైస్కూలుకు హెడ్మాస్టరు. చౌరస్తా టెంటుకు కన్వీనరు కూడా ఆయనే, అంటే మైకు ఆయన చేతిలోనే ఉండేది. మా అత్తమ్మ అండాలమ్మ కొడుకును మించిన ఉద్యమకారిణి. వంటావార్పు అంటే చాలు, ఇంట్లో ఉన్న పెద్ద గంజు నెత్తికెత్తుకుని బయలుదేరేది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, దారిన పోయేవాళ్ళందరినీ కూర్చోబెట్టి వడ్డించే నిరసన అది. పోలీసులకు కూడా పెట్టేది. "తిని కొట్టుండ్రి బిడ్డా, ఆకలి మీద కొడితే దెబ్బ సక్కగ తగలది" అనేది.

ఆ ఇంట్లో కండువా వేసుకోనిది, నినాదం చేయనిది నేనొక్కదాన్నే. శరణార్థుల తరఫున మాట్లాడే మనిషి ఏ టెంటులోనూ కూర్చోకూడదని మా సంస్థ నియమం. సంస్థ పెట్టకపోయినా నేను పెట్టుకునేదాన్నే. అత్తమ్మకు మాత్రం అది మింగుడుపడలేదు.

"నీకు తెలంగాణ వద్దా బిడ్డా?" అని అడిగింది ఒక పొద్దున.

"కావాలె అత్తమ్మా. నా నోటితోటి అనొద్దు, గంతే."

"గదేం కొలువే తల్లీ, నోరు కుదువ బెట్టే కొలువు!"

మా మేడ మీద కిరాయికి ఉండే పట్టాభి గారు మెట్ల మీద నిలబడి ఇది విని నవ్వారు. ఆయన తెనాలి వైపు మనిషి, రిటైరైన ఇంజనీరు. రాష్ట్రం విడిపోకూడదని ఆయన పట్టుదల. విడిపోవాలని అత్తమ్మ పట్టుదల. రోజూ పొద్దున పేపరు రాగానే ఇద్దరూ ఆ మెట్ల మీదే వాదులాడుకునేవారు, వాదన అయ్యాక ఆయన ఆవకాయ ఇచ్చేవారు, ఈమె సకినాలు ఇచ్చేది.

అందరూ సమ్మె చేసిన ఆ కాలంలో వాన ఒక్కటే సమ్మె చేయలేదు. పట్టుకున్న ముసురు పట్టుకున్నట్టే ఉంది. ఒకరోజు తెల్లవారగానే సయ్యదుల్లా చాచా ఫోన్ చేశాడు. కర్మన్‌ఘాట్ దాటాక ఒక పల్లపు జాగాలో టార్పాలిన్లు కప్పుకుని బతుకుతున్న బర్మా కుటుంబాలకు ఆయన పెద్ద. సొంత ఊళ్ళో పడవలు చేసేవాడట. వచ్చీరాని ఉర్దూలో, "బేటీ, నీళ్ళు మంచాలు దాటాయి. ఇప్పుడు నా దగ్గర పడవ కూడా లేదు" అన్నాడు. నవ్వించబోయాడు కానీ, వెనక పసిపిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

వెళ్ళి చూస్తే మోకాళ్ళ దాకా నీళ్ళు. పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇటుకల కుప్ప మీద ఆడవాళ్ళు పసిపిల్లలను ఎత్తుకుని నిలబడ్డారు. రొకేయా అనే పిల్ల కాన్పయి ఇంకా పురిటి నీళ్ళు కూడా పోసుకోలేదు, బిడ్డను ప్లాస్టిక్ టబ్బులో పెట్టి టబ్బును నెత్తిన పెట్టుకుంది. నేను ఇద్దరు ఫంక్షన్ హాళ్ళవాళ్ళకు ఫోన్ చేశాను. 'బర్మావాళ్ళు' అనగానే ఇద్దరికీ ఆ రోజు ముహూర్తాలు ఉన్నట్టు గుర్తొచ్చింది.

దగ్గర్లో గట్టు మీద ఉన్న పెద్ద కట్టడం మా ఆయన బడి ఒక్కటే. సమ్మె వల్ల అది మూతబడి ఉంది. దాని తాళంచెవి మా ముందుగదిలో మేకుకు వేలాడుతోంది. ఇంటికి వెళ్ళి చెయ్యి చాపితే అందుతుంది. వెళ్ళలేదు. దొడ్డిదారిన లోపలికి పంపినవాళ్ళను సింహద్వారం గుండా బయటికి గెంటుతారని నా కొలువు నాకు నేర్పింది. తలుపు ఎవరిదో వాళ్ళనే అడిగి తెరిపించాలి. అందుకని తడిసిన చీరతోనే టెంటుకు వెళ్ళాను.

ముందు తహసీల్దారు చక్రపాణి గారిని అడిగాను. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, పెన్ను ముట్టనని ఒట్టు పెట్టుకున్న. నేను ముడితే నా ఎన్కున్నోళ్ళందరు ముడ్తరు. అయినా బడి హెడ్మాస్టరుది. ఆయన్నే అడుగు."

అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, ఆరోజు నేను అర్జీ పెట్టుకోవలసిన అధికారి మా ఇంటాయన. వెళ్ళి ఎదురుగా నిలబడి "సార్" అన్నాను. టెంటంతా నవ్వింది. మహేందర్ నవ్వలేదు.

"బడి తాళం తియ్యాలె సార్. నీళ్ళల్ల పసిపిల్లలున్నరు. బాలింత ఉన్నది."

"తీస్తే ఏమైతదో ఎరుకేనా? అరగంటల టీవీల వస్తది. కన్వీనరే బడి తెరిచిండు, సమ్మె ఇరిగిందని చెప్తరు. రేపు పక్క మండలంల పోలీసులను పెట్టి తెరిపిస్తరు."

"బడి తెరువుమంట లేను. తలుపు తెరువుమంటున్న."

"ఇయ్యాళ్ళ రెండు ఒక్కటే విజయా."

ఆయన మాటలో తప్పు లేదు. అదే నా బాధ. తప్పు చేసే అధికారిని ఒప్పించడం తేలిక, న్యాయం మాట్లాడేవాణ్ణి ఒప్పించడమే కష్టం. ఆయన ముఖం చూస్తే ఆయనకూ లోపల పీకుతోందని తెలుస్తూనే ఉంది. షామియానా మీద నీళ్ళు నిలిచి ఒక మూల కుంగుతుంటే ఎవరో కర్రతో పైకి నెడుతున్నారు.

అప్పుడు అత్తమ్మ లేచింది. ఆరోజు అక్కడే వంటావార్పు. పొద్దుటి నుంచీ ఆమె తడి కట్టెలతో కుస్తీ పడుతోంది.

"ఓ మయేందరా! ఈ వానల రోడ్డు మీద పొయ్యి ఎట్ల అంటుకుంటదిరా? వంటావార్పు బడి వరండల పెడదాం. మనం తెరిచేది బడి గాదు, వంటిల్లు. పాఠం చెప్పంగ సూసినోడు ఎవడన్న ఉంటే వచ్చి నాతోటి మాట్లాడమను. తినేకాడికి నీళ్ళల్ల మునిగినోళ్ళు వస్తే వద్దంటమా?"

చక్రపాణి గారు తల కొట్టుకున్నారు. "ఇంత పాయింటు మా కలెక్టరేట్ల ఎవలికి తట్టది" అన్నారు. టెంటు చప్పట్లు కొట్టింది. మహేందర్ స్కూటర్ తీసి, వానలో ఇంటికి వెళ్ళి తాళంచెవి తెచ్చి, తన చేత్తోనే బడి తాళం తీశాడు.

బస్సులు లేవు, ఆటోలు లేవు, దారి పొడుగునా రాస్తారోకోలు. కుటుంబాలను తీసుకురావడానికి పట్టాభి గారి పాత మారుతి ఒక్కటే దిక్కయింది. ఆయన బయలుదేరారు కానీ ముందే షరతు పెట్టారు.

"చూడండి అండాలమ్మ గారూ, బాలింతనీ పిల్లల్నీ తీసుకురమ్మంటే వస్తాను. నా కారుకి మీ జెండా మాత్రం కట్టనివ్వను."

"జెండ లేకుంటే చౌరస్తల నిన్ను ఎవలు పోనిస్తరు సారూ? నేను ముందట కూసుంట పా. నేనే జెండ."

నిజంగానే ఆమెను చూసి ప్రతి చౌరస్తాలోనూ టైర్లు పక్కకు జరిపారు. పట్టాభి గారు ఎన్ని తడవలు తిరిగారో, తిరిగిన ప్రతి తడవా ఇద్దరూ రాష్ట్రం గురించి కొట్లాడుకుంటూనే వచ్చారు.

మధ్యాహ్నానికి ఆ బడి వరండా పెళ్ళివారి విడిదిలా తయారైంది. ఒకవైపు పుంటికూర పప్పు ఉడుకుతోంది. బర్మా ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఉల్లిగడ్డలు ముందేసుకుని కోయడం మొదలుపెట్టారు. ఒకరి మాట ఒకరికి తెలియదు, అయినా ఉప్పు సరిపోయిందా లేదా అని చేతుల్లో పోసుకుని నాకి చూపించుకుంటున్నారు. రొకేయా ఏడో తరగతి గదిలో బల్లలు కలిపి పరుచుకుని బిడ్డను పక్కలో వేసుకుని నిద్రపోయింది. నా ఉద్యోగం మీద నాకు అంత గర్వం కలిగిన రోజు ఇంకొకటి లేదు. నీళ్ళ ట్యాంకరును రప్పించడానికి గేటు బయటికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి అందరి మెడల్లోనూ 'జై తెలంగాణ' కండువాలు ఉన్నాయి.

అత్తమ్మ ఒక్కొక్కరినీ పిలిచి కప్పుతోంది. సయ్యదుల్లా చాచా రెండు చేతులతో దాన్ని పట్టుకుని కళ్ళకు అద్దుకుంటున్నాడు. ఎదురుగా ఒక టీవీ కెమెరా.

పరుగెత్తుకుంటూ వెళ్ళి చాచా మెడలోంచి కండువా తీశాను. ఆ పక్కావిడ మెడలోంచి తీశాను. వరసగా అందరివీ తీసి చంకలో పెట్టుకున్నాను. వంట దగ్గర గరిటెలు ఆగిపోయాయి.

"ప్రేమతో కప్పింది బేటీ" అన్నాడు చాచా.

"తెలుసు చాచా. అందుకే చెప్పలేకపోతున్నాను."

అత్తమ్మ ముఖం ఎర్రబడింది. "ఇంటికొచ్చినోళ్ళకు బొట్టు పెట్టి రైకబట్ట పెడతం. ఈళ్ళకు బొట్టు పనికిరాకపాయె. ఒట్టి చేతులతోటి ఎట్ల కూసోబెట్టాలె? అందుకని కండువ కప్పిన. మా బట్ట మీద పడితే మైలవడ్తరానె?"

"అత్తమ్మా, ఈళ్ళు పరాయి దేశపోళ్ళు. ఉద్యమంల కూసున్నరని ఒక్క ముక్క రాస్తే చాలు, గుడిసెల నుంచి గాదు, దేశం నుంచే ఎల్లగొడ్తరు. అటు పోతే సంపుతరు."

ఆమె గరిటె తీసుకుని పప్పు కలపసాగింది. కానీ కెమెరా పని కెమెరా చేసుకుపోయింది. సాయంత్రం వార్తల్లో చాచా కండువా కళ్ళకు అద్దుకోవడం చూపించి, 'ఉద్యమానికి బర్మావాసుల సంఘీభావం' అని కింద రాశారు.

మర్నాడు పొద్దున్నే జానయ్య మా ఇంటికి వచ్చాడు. స్పెషల్ బ్రాంచిలో పనిచేసే మనిషి, విదేశీయుల వ్యవహారాలు చూస్తాడు. నాతో మంచిగానే ఉంటాడు. యూనిఫాం లేకుండా వచ్చాడంటేనే మంచి చెప్పడానికి వచ్చాడని అర్థమైంది. అత్తమ్మ చాయ్ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. మహేందర్ టెంటుకు బయలుదేరబోతూ ఆగాడు.

"పైనుంచి అడుగుతున్నరు మేడం" అన్నాడు జానయ్య. "ఆ బడి ఎవరు తెరిచిండ్రు? ఉద్యమ కమిటీ తెరిచి ఈళ్ళను కూసోబెట్టిందంటే, విదేశీయులు ఆందోళనల పాల్గొన్నట్టే లెక్క. అందరిని పట్కపోయి ఢిల్లీకి రాస్తరు. అటెన్క నా చేతుల ఏముండదు."

"సర్కారే తెరిచిందంటే?"

"వరద సాయం. ఎవలు ఏమనరు. గని సర్కారు ఏడున్నది మేడం? అంత టెంటులనే ఉన్నదాయె. నిన్న డ్యూటీల ఉన్న ఆఫీసరు ఒక్కడు, నేనే తీసుకున్ననని చెప్పాలె. ఎవడు చెప్తడు?"

ఎవరు చెప్పగలరో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఊరూవాడా సమ్మెలో ఉంటే, మైకు పట్టుకుని 'ఒక్కడు కూడా డ్యూటీకి పోవద్దు' అని అరిచిన కన్వీనరు తానే డ్యూటీ చేసినట్టు హాజరుపట్టీలో సంతకం పెట్టాలి. ఆ మాట ఆయన జీవితాంతం ఆయన వెంట నడుస్తుంది.

మంత్రుల దగ్గరికి వెళ్ళి అడిగినదాన్ని. తలుపు మూసిన ముఖాన మళ్ళీ తట్టినదాన్ని. ఆ పొద్దున నాకు నోరు రాలేదు. నా పనే అడగడం, ఆ ఒక్కటీ అడగలేకపోయాను. చేతిలో చాయ్ వైపు చూస్తూ కూర్చున్నాను.

మహేందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ మాట్లాడాడు.

"జానయ్యా, నిన్న నేను డ్యూటీలనే ఉన్న. తాళం తీసింది నేనే. వానకు మునిగినోళ్ళని హెడ్మాస్టరుగ నేనే లోపలికి తీసుకున్న. రిజిస్టర్ల సంతకం ఉంటది. పోదాం పా, చూపిస్త."

"సార్... ఆలోచించుకున్నరా?"

"చాయ్ తాగు. సల్లగైతుంది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తమ్మ బయటికి రాలేదు. ఇద్దరూ స్కూటర్ మీద వెళ్ళిపోయారు. నేను చాలాసేపు ఆ ఖాళీ కప్పుల దగ్గరే కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనా, భయంతోనా అని ఇప్పుడు అడిగినా చెప్పలేను.

జానయ్య రిపోర్టు పైకి వెళ్ళింది, వరద సాయం అని రాశారు, ఎవరూ బడి గేటు దాటి లోపలికి రాలేదు. నీళ్ళు తీసేదాకా కుటుంబాలన్నీ అక్కడే ఉన్నాయి. నా వైపు పని అంతా నల్లేరు మీద బండిలా సాగిపోయింది. మా ఇంటి వైపే ఇరుసు విరిగింది. మధ్యాహ్నానికల్లా సంతకం సంగతి చౌరస్తాకు పాకింది. డ్యూటీ చేసినవాళ్ళకు టెంటులో చోటు లేదని సమ్మె మొదట్లో కమిటీ తీర్మానం చేసింది. ఆ తీర్మానం చదివి వినిపించింది మహేందరే.

మర్నాడు ఆయన ఎప్పటిలాగే తయారయ్యాడు.

"టెంటుకేనా?" అన్నాను.

"ఆఁ. మైకు చక్రపాణి సారుకు ఇచ్చేసిన. సమ్మె నాదే గద, ఎవలకిస్త?" అని, గడప దగ్గర ఆగి అడిగాడు. "ఆ బాలింతకు పాలు పడ్తున్నయా?"

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా కొలువు గురించి అడిగిన మొదటి మాట అది.

ఆయన టెంటు లోపలికి వెళ్ళలేదు. షామియానాకు బయట, రోడ్డు వార న్యూస్‌పేపరు పరుచుకుని కూర్చున్నాడు. వాన వెలిసి ఎండలు చురచురలాడుతున్నాయి. నినాదం వినపడితే చెయ్యెత్తేవాడు, జవాబిచ్చేవాడు. లోపలివాళ్ళు ఎవరూ ఇటు తిరిగేవారు కాదు. రోజూ అంతే. రెండు పూటలా ముఖం కమిలిపోయి ఇంటికి వచ్చేవాడు. అత్తమ్మ నాతోనూ మాట్లాడలేదు, కొడుకుతోనూ మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టేది.

ఒక పొద్దున పట్టాభి గారు మెట్లు దిగి ఆమె ముందు నిలబడ్డారు.

"ఏమండీ అండాలమ్మ గారూ, మీవాళ్ళంతా మీ అబ్బాయిని ద్రోహి అంటున్నారట. నాకైతే మీ ఉద్యమం మీద మొదటిసారి గౌరవం కలిగిందండీ."

"నీ గౌరవం ఎవలికి గావాలె సారూ!" అని విరుచుకుపడింది. కాసేపటికి చాప చంకన పెట్టుకుని గేటు తీసింది. ఎటు అని నేను అడగలేదు. వెనకాలే వెళ్ళి, నా నియమం ప్రకారం రోడ్డుకు అవతలి పక్కన, చెప్పుల దుకాణం ముందు నిలబడ్డాను.

ఆమె టెంటులోకి పోలేదు. తిన్నగా కొడుకు పక్కకు వెళ్ళి, చాప పరిచి, కొంగు నెత్తిన కప్పుకుని ఎండలో కూర్చుంది. లోపల మైకు ఆగింది. చక్రపాణి గారు బయటికి వచ్చి వంగి ఆమెను బతిమాలారు. రోడ్డు అవతలికి కూడా ఆమె గొంతు వినిపించింది.

"తీర్మానం నా మీద లేదని నాకెరుక బాంచెను. నా కొడుకు ఏడుంటే నేనాడ. నువ్వు పో, మాట్లాడు, నేను ఇంట."

తహసీల్దారు మహేందర్‌ను లోపలికి రమ్మని పిలవలేడు. పిలిస్తే తీర్మానం పోతుంది, రేపు డ్యూటీకి పోయే ప్రతివాడూ లోపలికి వస్తాడు. ముసలామెను ఎండలో కూర్చోబెట్టి నీడలో మాట్లాడనూ లేడు. మైకు పక్కన పెట్టాడు. తర్వాత తన వెనక కూర్చునే గుమాస్తాలను పిలిచి ఏదో చెప్పాడు. నలుగురు లేచారు. ముందు వైపు తాళ్ళు విప్పారు, గుంజలు పీకారు, గుడ్డను సాగదీసి ఇంకొక గుంజ తెచ్చి మహేందర్‌కు అవతల పాతారు.

ఎవరూ ఆయనను పలకరించలేదు. ఆయన కూర్చున్న చోటు నుంచి జరగనూ లేదు. నీడ మాత్రం వచ్చి ఆ తల్లీకొడుకుల మీద పడింది. మహేందర్ తలెత్తి ఆ గుడ్డను చూశాడు, తర్వాత రోడ్డుకు ఇవతల ఉన్న నన్ను చూశాడు.